కష్టంలో పాటలేమిటని అడిగిన పాఠకుడికి

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరాల పేజీలో ఈమధ్య ఒక పాఠకుడు రాసిన మాట నన్ను రెండు రాత్రులు సరిగా నిద్రపోనివ్వలేదు. తుపానుకి పంట పోయినా, ఇంట్లో మనిషి పోయినా ఈ పాస్టర్లకు తెలిసింది ఒక్కటే, చేతులెత్తించి పాడించడం, ఆ తర్వాత కానుకల సంచి తిప్పడం అని ఆయన రాశారు. కోపం వచ్చింది, దాచుకోను. వెంటనే గట్టిగా ఏదో ఒకటి రాసి పడేద్దామనుకున్నాను. కాసేపాగి మళ్లీ చదివితే అందులో సగం నిజమే అనిపించింది, ఆ సగంలో నేనూ ఉన్నాను. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగు అవుతుంది, మీకు ఎక్కడ కత్తిరించాలనిపిస్తే అక్కడ కత్తిరించుకోండి.

నేను బాపట్ల జిల్లాలో ఒక పల్లెలో సంఘకాపరిని. 27 ఏళ్లుగా అదే ఊరు, అదే రేకుల మందిరం. అరవై గడపల సంఘం. ఎక్కువమంది కౌలు రైతులు, కూలికి వెళ్లేవాళ్లు, ఇద్దరు ముగ్గురు ఆటో నడుపుతారు. నాకు టీవీలో ప్రసంగాలు లేవు, యూట్యూబ్ ఛానెల్ లేదు (మా అబ్బాయి పెడతానన్నాడు, నా గొంతు రికార్డులో వింటే నాకే నచ్చదు, వద్దన్నాను). కాబట్టి ఇది పెద్ద సేవకుల తరఫున రాస్తున్న ఉత్తరం కాదు.

ముందు నా తప్పు చెప్తాను. 2021 మే నెల, కరోనా రెండోసారి ఊళ్ల మీద పడ్డప్పుడు, మా సంఘంలో ఒకామె భర్త చనిపోయాడు. నలభై కూడా నిండలేదు. భూస్థాపనకు ఆరుగురం వెళ్లాం, ఆమెను దూరంగా నిలబెట్టారు, మొహం కూడా సరిగా చూడనివ్వలేదు. తర్వాత కొన్నాళ్లకు వాళ్లింటి ముందు ఆదరణ కూడిక పెట్టాం. నేను లేచి, బైబిల్లో ఆస్తినీ బిడ్డలనూ పోగొట్టుకున్న యోబు అనే భక్తుడి మాట ఎత్తాను, దేవుడే ఇచ్చాడు, దేవుడే తీసుకున్నాడు అని. అన్నిటికీ కృతజ్ఞత చెల్లించాలమ్మా అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది, ఇల్లంతా బరువుగా ఉంది కదా, తేలిక చేద్దామని మా కుర్రాళ్లతో డోలక్ వేయించి హుషారైన పాట ఒకటి పాడించాను. ఆమె పాడలేదు, గోడవైపు చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత రెండు నెలలు మందిరానికి రాలేదు. మా ఆవిడను తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆమె కోప్పడలేదు. "అయ్యగారూ, మీరు చెప్పింది తప్పని నేననట్లేదు. కానీ ఆ రోజు చెప్పాల్సింది కాదు" అంది. టీ పెట్టి ఇచ్చింది. నేను ఆ టీ తాగలేకపోయాను.

ఇంటికొచ్చాక యోబు గ్రంథం మళ్లీ తెరిచి చూశాను. ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు, అయినా నాకు తట్టని సంగతి ఒకటి అప్పుడు తట్టింది. దేవుడే ఇచ్చాడు, దేవుడే తీసుకున్నాడు అన్నది యోబు. తన బిడ్డల గురించి, తన నోటితో, తన బట్టలు తనే చించుకుని అన్నాడు. పక్కింటివాడు వచ్చి ఆయనతో అనలేదు. పక్కవాళ్లు, అంటే ఆ ముగ్గురు స్నేహితులు, వచ్చి ఏడు రోజులు ఏడు రాత్రులు నేల మీద ఆయన పక్కన నోరు తెరవకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. ఎనిమిదో రోజు నుంచి సిద్ధాంతం మొదలుపెట్టారు, నువ్వేదో పాపం చేసి ఉంటావు అన్నారు, చివరికి దేవుడికి కోపం వచ్చింది వాళ్ల మీదే. నేను ఆ ఆదరణ కూడికలో యోబునని అనుకున్నాను, నిజానికి ఎనిమిదో రోజు స్నేహితుణ్ని.

బైబిల్లోని కీర్తనల గ్రంథం సంగతీ అంతే. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఏడుపులే. ఎంతకాలం దేవా, ఎందుకు దూరంగా ఉన్నావు, శత్రువు నవ్వుతున్నాడు, నా పడక కన్నీళ్లతో తడిసింది. చాలావాటిలో చివరికి ఒక వెలుగు కనపడుతుంది, 88వ కీర్తనలో అది కూడా లేదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా దాన్ని ఎవరూ పుస్తకంలోంచి తీసేయలేదు, అదీ ఆరాధనలో భాగమే అనుకున్నారు కాబట్టి ఉంచారు. యేసుప్రభువు సిలువ మీద కేక వేసింది కూడా 22వ కీర్తన మొదటి మాటే. మరి మా మందిరాల్లో ఆదివారం స్క్రీన్ మీద వేసే పాటల జాబితా చూడండి, ఏడుపు పాట ఒక్కటైనా ఉంటుందా? పాత తెలుగు క్రైస్తవ కీర్తనల్లో ఉండేవి. ఇప్పుడు కీబోర్డు మీద రిథమ్ పెడితే ఏడవడానికి సందు దొరకదు.

పాఠకుడు గారు అడగని ఉదాహరణ ఒకటి నేనే చెప్తాను, ఎందుకంటే మావాళ్లందరూ దాన్నే చూపిస్తారు. బైబిల్లో, దెబ్బలు తిని ఫిలిప్పీ ఊరి చెరసాలలో పడ్డ సువార్తికులు పౌలు, సీల అర్ధరాత్రి పాడారు, భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. కాబట్టి కష్టంలో పాడండి, తలుపులు తెరుచుకుంటాయి. ఈ ప్రసంగం నేనూ చేశాను, బాగానే ఆమేన్‌లు వచ్చాయి. కానీ తలుపులు తెరుచుకున్నాక వాళ్లు బయటికి పోలేదే! లోపలే ఉన్నారు, కత్తి దూసి చచ్చిపోబోతున్న జైలు అధికారిని పౌలు కేక వేసి ఆపాడు. ఆ అధికారి ఆ రాత్రే నీళ్లు తెచ్చి వాళ్ల గాయాలు కడిగాడు. అంటే పాట పాడేటప్పుడు వాళ్ల వీపుల మీద దెబ్బలు అలాగే ఉన్నాయి, భూకంపం వచ్చినా మానలేదు, ఒక మనిషి నీళ్లు తెచ్చి కడగాల్సి వచ్చింది. మేం ఆ నీళ్ల గిన్నె దాకా రాకుండానే ప్రసంగం ముగించేస్తాం.

ఇక తుపాను సంగతి. 2023 డిసెంబర్ 5, మంగళవారం మిచౌంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోసి పనల మీదున్న వరి నీళ్లలో తేలింది, కోయనిది పడుకుండిపోయింది. నాలుగైదు రోజులకే పనల్లోంచి మొలకలు వచ్చాయి. దూరం నుంచి చూసేవాడికి పచ్చగా ముచ్చటగానే ఉంటుంది, రైతుకి మాత్రం అప్పు మొలకెత్తినట్టు కనపడుతుంది. పైగా మావాళ్లలో చాలామందిది కౌలు, కాగితం మీద పొలం ఇంకొకరిది, నష్టం రాసుకునేవాళ్లు వచ్చినప్పుడు ఎవరి పేరు చెప్పాలన్నదే పెద్ద తలనొప్పి. మందిరం రేకులు ఆరు లేచిపోయాయి. కరెంటు లేదు.

పదో తారీకు ఆదివారం. నేను బైబిల్లో హబక్కూకు ప్రవక్త రాసిన మూడో అధ్యాయం తయారు చేసుకున్నాను. ఇలాంటప్పుడు ఏ పాస్టరైనా తీసేది అదే, అంజూరపు చెట్టు పూయకపోయినా, చేలో పంట లేకపోయినా నేను ప్రభువులో ఆనందిస్తాను అని. మంచి వాక్యమే. కానీ అదే హబక్కూకు మొదటి అధ్యాయంలో దేవుడితో పోట్లాడతాడు, నేనెంతకాలం మొరపెట్టినా నువ్వు వినవేమిటని. నేను ఆ అధ్యాయం దాటేసి నేరుగా మూడోదానికి వచ్చాను. పాట ఎత్తబోతుంటే ఆడవాళ్ల వైపు నుంచి ఒక పెద్దామె, డెబ్బై దాటి ఉంటాయి, లేచి నిలబడకుండానే అంది: "అయ్యగారూ, ఇవాళ పాట ఎత్తమాకండి. కాసేపు ఏడవనివ్వండి."

నాకు ఏం చేయాలో తెలియలేదు. ఇన్నేళ్లలో ఎవరూ నన్ను అలా ఆపలేదు. మా నాన్న గుర్తొచ్చాడు. ఆయనా సువార్తికుడే. 1977 నవంబర్ 19 ఉప్పెన తర్వాత దివిసీమకు శవాలు పూడ్చడానికి వెళ్లినవాళ్లలో ఆయన ఒకడు. తిరిగొచ్చాక నెల రోజులు కుటుంబ ప్రార్థనలో నోరు తెరవలేదని అమ్మ చెప్పేది. అమ్మే ప్రార్థన చేసేదట, నాన్న పక్కన తల వంచుకుని కూర్చునేవాడట. చిన్నప్పుడు ఇది విని నాన్నకి విశ్వాసం తగ్గిందేమో అనుకునేవాణ్ని. ఆ ఆదివారం అలా అనిపించలేదు. పుల్పిట్ దగ్గర నుంచి దిగి కింద చాప మీద కూర్చున్నాను.

అరగంట పైనే ఏడ్చారు. కొందరు గట్టిగా, కొందరు కొంగు నోట్లో పెట్టుకుని. నేనూ ఏడ్చాను, చదువుకునే రోజుల్లో మాకు చెప్పింది దానికి పూర్తిగా వ్యతిరేకం, కాపరి సంఘం ముందు కన్నీళ్లు పెట్టకూడదని, గొర్రెలు బెదురుతాయని. ఎవరూ బెదరలేదు. తర్వాత 88వ కీర్తన చదివాను, వివరణ ఏమీ చెప్పలేదు. చదవడం అయ్యాక కాసేపు నిశ్శబ్దం. అప్పుడు మగవాళ్ల వైపు నుంచి మూడెకరాలు కౌలుకు చేసే ఒకాయన, ఎప్పుడూ పాట ఎత్తని మనిషి, పాత కీర్తన ఒకటి ఎత్తుకున్నాడు. శ్రుతి లేదు, గొంతు బొంగురు. రెండో చరణానికి అందరూ అందుకున్నారు. అది ఆరాధన కాదని ఆ పాఠకుడు గారు అంటే నేనేం చేయలేను, కానీ అది నేను పాడించింది కాదు. నా హబక్కూకు ప్రసంగం కాగితం బైబిల్లోనే ఉండిపోయింది, ఇంకా అందులోనే ఉంది.

కానుక సంగతి కూడా చెప్పాలి. ఆ రోజు సంచి నేనే దాచేశాను, ఈ పరిస్థితిలో ఏం అడుగుతామని. ప్రార్థన ముగిశాక ఆ పెద్దామె పది రూపాయల నోటు పట్టుకుని వచ్చింది. సంచి ఏదంటే, ఈ వారం వద్దమ్మా అన్నాను. "దేవుడికి ఇచ్చుకునేది వద్దనడానికి నువ్వెవరయ్యా" అని అందరి ముందూ కడిగేసింది, అప్పటిదాకా అయ్యగారూ మీరూ అన్నది ఒక్కసారిగా నువ్వులోకి దిగింది. తీసుకున్నాను. బీదవాళ్ల దగ్గర గుంజుకోవడం తప్పని నాకు తెలుసు. జాలి పేరుతో వాళ్ల చేయి వెనక్కి నెట్టడం కూడా తప్పేనని ఆమె చెప్తే గానీ తెలియలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పారలు పట్టుకుని పొలాల్లోకి వెళ్లాం. మురుగు కాలవ నిండా గుర్రపు డెక్క పేరుకుపోయి నీళ్లు కదలడం లేదు. అది తీస్తే గానీ ఏ పొలమూ ఆరదు, మా వాళ్లదైనా ఇంకొకరిదైనా. రామాలయం వీధి కుర్రాళ్లు కూడా దిగారు. ఎవరు ముందు దిగారన్నది ఇప్పటికీ వాదన నడుస్తోంది, వాళ్లేనని నేను ఒప్పుకుంటాను. నడుముల్లోతు నీళ్లలో ఆ డెక్క లాగుతుంటే ఒక ముసలాయన గట్టు మీద కూర్చుని, "క్లౌ దొర కాలవలాగా ఉంది మీ యవ్వారం" అన్నాడు. కుర్రాళ్లకి అర్థం కాలేదు. వాళ్లకి చెప్పిందే ఇక్కడా చెప్తాను, మా ప్రాంతంలో కష్టానికి ఆరాధనకి ఉన్న సంబంధం గురించి మాట్లాడాలంటే ఆ కథ లేకుండా కుదరదు.

1876 నుంచి 78 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చిన మహా కరువు, ధాత కరువు అని పెద్దవాళ్లు అనేవారు. లక్షల మంది పోయారు. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు, 1866లో వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. ఆయన రాకముందే, 1854 జనవరి 1 తెల్లవారుజామున అదే మిషన్‌కు చెందిన జూవెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు, దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. క్లౌ సంఘంలో చేరినవాళ్లు చాలావరకు మాదిగలు, తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్య లాంటి తెలుగు బోధకులు ఊరూరా తిరిగి కట్టిన సంఘం అది, దొర ఒక్కడే కట్టింది కాదు. కరువు వచ్చేసరికి అందరికంటే ముందు గంజి లేకుండా పోయింది వాళ్లకే. క్లౌ ఏం చేశాడంటే, కరువు పనుల కింద ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. కుర్రతనంలో అమెరికాలో సర్వే పని చేసినవాడు, కొలతలు తెలుసు. బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు మట్టి తట్టలు, విరామంలో వాక్యం.

అసలు విషయం ఆ తర్వాతది. కాలవ తవ్విన జనంలో వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. సుమారు 15 నెలలు ఎవరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారన్న మాట రాకూడదని, వాళ్లకే తమ మనసు తేలాలని. కరువు సాయం సద్దుమణిగాక, 1878 జూన్‌లో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర మొదలుపెట్టాడు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది. ఆరుగురు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు. ఆ అంకె మా సంఘాల్లో అందరికీ నోటికి వస్తుంది, ఆ 15 నెలలు మాత్రం ఎవరికీ గుర్తుండవు. కూడు పెట్టి మతం మార్చారని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. కృతజ్ఞత లేకుండా ఉంటుందా, ఆకలికి ఆదుకున్న మనిషి మాట మీద గురి ఉంటుంది, అది నేను కాదనను. కానీ చేతిలో అంతమంది ఉన్నప్పుడు ఆగడం ఎంత కష్టమో ఒక పాస్టరుగా నాకు తెలుసు. కూటానికి వంద మంది ఎక్కువ వస్తే ఫొటో తీసి పెట్టేవాళ్లం మేం. మా ఇంట్లో మా ముత్తాత తండ్రి ఆ కాలవలో మట్టి మోశాడని చెప్పుకుంటారు. పెదగంజాం వైపు వెళ్లినప్పుడల్లా ఆ కాలవ గట్టు మీద బండి ఆపి చూస్తాను.

మళ్లీ మా ఊరికి. క్రిస్మస్‌కి రెండు వారాలే ఉంది. నక్షత్రానికి, సీరియల్ సెట్లకి, ప్రేమ విందుకి వసూలైన చందా 18 వేలు ఉంది. దాంతో ఆయిల్ ఇంజిన్ అద్దెకు తెచ్చి నీళ్లు తోడదామని కొందరు, ప్రభువు పుట్టిన పండగని తగ్గిస్తారా అని ఇంకొందరు. పెద్ద గొడవే అయింది. ఆ రెండో వాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఏడాదంతా చీకట్లో బతికే ఇళ్లకి ఆ ఒక్క రాత్రి లైట్లు ఎంత ఆశో నాకు తెలుసు. నేనేమీ ధైర్యంగా నిర్ణయం చెప్పలేదు, నిజం చెప్పాలంటే నసిగాను. మా ఆవిడే లేచి, "ఇంజిన్ తెండి, విందు నేను వండుతా, పప్పు, పచ్చడి" అంది. అలా తేలింది. క్యారల్స్ సౌండ్ బాక్సు లేకుండా, టార్చి లైటుతో, చందా డబ్బా పట్టుకోకుండా తిరిగారు. కుర్రాళ్లు రెండు రోజులు మూతి ముడుచుకున్నారు, అదీ నిజమే.

తోటి పాస్టర్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. నీ విశ్వాసం తక్కువైంది, అందుకే ఇలా అయింది అనడం మానేద్దాం. ఒక స్వస్థత కూటానికి వెళ్లొచ్చి మా సంఘంలో ఒకామె షుగర్ మాత్రలు ఆపేసింది, దేవుడు బాగుచేశాడని అందరి ముందు సాక్ష్యం కూడా చెప్పింది. కాలి మీద పుండు ముదిరాక మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లింది మేమే. అప్పుడు ఆమె బాధ కాలు గురించి కాదు, సాక్ష్యం చెప్పి ఓడిపోయానే అని. ఆ సిగ్గు ఆమె మీద ఎవరు పెట్టారు? మందు వేసుకుంటూ ప్రార్థన చేస్తే దేవుడు చిన్నబుచ్చుకుంటాడా? ఇంకోటి, మన ఇళ్ల సంగతి. అయ్యగారికి టెన్షన్ ఉండకూడదు, అయ్యగారు ఎప్పుడూ నవ్వుతూ "వందనాలండి" అనాలి. రాత్రి రెండింటికి లేచి కూర్చునేది అమ్మగారికొక్కదానికే తెలుసు. నాకు 2021 తర్వాత దాదాపు ఏడాది ప్రార్థన పొడిగా నడిచింది. సంఘం ముందు చెప్పాలంటే భయం, ఉన్న నలుగురూ పోతారని. ఆ చాప మీద కూర్చున్న రోజు తర్వాతే చెప్పగలిగాను. ఎవరూ పోలేదు. ఒకాయన మాత్రం ఆదివారం సాయంత్రం వచ్చి ఏమీ మాట్లాడకుండా మా అరుగు మీద గంటసేపు కూర్చుని వెళ్లాడు.

ఆ పాఠకుడు గారికి. మీరు చూసిన పాస్టర్లు ఉన్నారు, లేరని వాదించను. కానీ కష్టంలో పాడటమే వంచన అంటే ఒప్పుకోలేను, బొంగురు గొంతుతో ఆ కౌలు రైతు ఎత్తుకున్న పాట విని ఉంటే మీరూ ఆ మాట అనేవారు కాదేమో. కానుకలు ఏమవుతాయని కూడా రాశారు కదా. మా సంఘం లెక్కల పుస్తకం బీరువాలో ఉంటుంది, తాళం ఇద్దరు పెద్దల దగ్గర ఉంటుంది. ఏ ఆదివారమైనా పది దాటాక రండి, చూపిస్తారు. 2023 డిసెంబర్ పేజీలో ఇంజిన్ అద్దె, డీజిల్, ఆరు రేకులు, కందిపప్పు అన్నీ ఉన్నాయి. పదో తారీకు కానుక అని ఉన్న చోట పది రూపాయలు అని ఉంటుంది, అది పొరపాటు అనుకోకండి.

ఇట్లు
ఒక పల్లె సంఘకాపరి
బాపట్ల జిల్లా